మల్లెతోటల తూము

బస్సు నడపడం నాకు నెల రోజుల్లో వచ్చింది. కాళ్ళతో నడవడం రావడానికి మాత్రం ఒక మల్లెల కాలం మొత్తం పట్టింది, అదీ యాభై దాటాక.

నా పేరు తిరుపతిరావు. విజయవాడ–గుంటూరు నాన్‌స్టాప్ డ్రైవర్ని. మాజీ డ్రైవర్నని చెప్పుకోవడానికి నోరు రాదు. పోయిన చలికాలం కంటి పరీక్షలో, ఎదురు లైట్లు పడితే నా చూపు చెదురుతోందని తేలింది. పరీక్ష చేసినాయన తప్పేం లేదు, కళ్ళు నావే. స్టీరింగు వదిలి బస్టాండులో ఎంక్వైరీ మైకు ముందు కూర్చోమన్నారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో, ఎక్కడెక్కడ ఆగుతుందో జనానికి చెప్పాలి. జీతం తగ్గదు, ఒళ్ళు అలవదు. కానీ ఊరేగిన పెళ్ళికొడుకుని పందిట్లో మైకు పట్టుకోమన్నట్టు అనిపించింది నాకు. రోషమొచ్చి, మిగిలిన సెలవులన్నీ పెట్టేసి, కృష్ణలంకలో మా ఇంటి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఊరికే కూర్చుంటే బాగానే ఉండేది. బస్సు లేకపోయేసరికి ఇల్లు నడపడం మొదలుపెట్టాను. పాలవాడు స్కూటరు ఎక్కడ ఆపాలి, పక్కింటివాళ్ళు కారు ఎటు తిప్పాలి, మా ఆవిడ కుట్టుమిషను ఎంత వేగంతో తొక్కాలి, అన్నిటికీ నా దగ్గర సలహా ఉండేది. రామతులసి ఓర్పుగల మనిషి. అయినా ఒకరోజు పళ్ళతో దారం తెంపి, మిషను ఆపి, నావైపు తిరిగింది.

"చింత చచ్చినా పులుపు చావలేదని, బస్సు పోయినా మీ హారను పోలేదండీ" అంది.

మా అమ్మాయి సుస్మిత ఆ శివరాత్రి రోజుల్లోనే ఒక కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పై అంతస్తులో ఆఫీసు. కొండపల్లి కోట దగ్గర మొదలై, విజయవాడ మీదుగా బ్యారేజీ దాటి, మంగళగిరి కొండ దాకా మనిషి కాలినడకన పోయే పొడవాటి దారికి మ్యాపు తయారు చేయడం వాళ్ళ పని. దారిలో కొండలున్నాయి, పార్కులున్నాయి, చెట్ల నీడన కాలవగట్లున్నాయి. లేనిదల్లా, ఒక పార్కు గేటు దాటి బయటికొచ్చిన మనిషి ఇంకో పార్కు గేటు దాకా ప్రాణాలతో వెళ్ళే తోవ. ఆ కలిపే రోడ్లు వెతకడమే అసలు పని. కొండలెక్కి ఫొటోలు దిగడానికి అందరూ ముందుకొచ్చారు గానీ ఈ అతుకుల పనికి ఎవరూ రాలేదట. బ్యారేజీకి ఇవతలి సగం ఇంకొకరికి ఇచ్చి, అవతల మంగళగిరి దాకా మా అమ్మాయికి అప్పజెప్పారు.

ఫోను జేబులో వేసుకుని అది నడుస్తుంటే తెర మీద ఎర్రగీత పడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ గీత నాకు చూపించేది. నేను కుర్చీలోంచి లేవనని తెలిసే చూపించేదనుకుంటాను.

"నాన్నా, సీతానగరం నుంచి కాలవగట్టు మీద ఇక్కడిదాకా వచ్చేశాను. చల్లగా, హాయిగా ఉంది. అటేమో మంగళగిరి కొండ కింద పార్కు. మధ్యలో హైవే అడ్డం. ఎలా దాటాలంటావు?"

"ఎలా దాటడమేంటే? పెట్రోలు బంకు ఎదురుగా డివైడర్లో సందుంది. జనమంతా అక్కడే దాటతారు. రోజూ చూసేవాణ్ణిగా."

"ఖాయమేనా?"

"ఆ రోడ్డు మీద నన్నడుగుతున్నావా?" అన్నాను. మీసం మీద చెయ్యి దానంతటదే వెళ్ళింది. చాన్నాళ్ళకి ఇంట్లో ఒకళ్ళు నన్ను దారి అడిగారు మరి.

సుస్మిత ఎర్రగీతని ఆ సందులోంచి అవతలికి పొడిగించింది.

మరుసటి ఆదివారం వాకర్స్ సంఘం వాళ్ళు సుస్మితతో కలిసి ఆ ముక్క నడిచి చూశారు. వాళ్ళకి పెద్ద వెంకటసుబ్బారావుగారు. బ్యాంకులో మేనేజరు చేసి రిటైరయ్యాడు. నిక్కరు, తెల్లటోపీ, మెళ్ళో విజిలు. నడవడమంటే నాకు పడదు కాబట్టి స్కూటరు మీద ముందే వెళ్ళి, హైవేకి అవతల బంకు పక్కన టీకొట్టులో కూర్చున్నాను. వాళ్ళు కాలవ వైపు నుంచి వచ్చి రోడ్డు అంచున నిలబడ్డారు.

బస్సు సీటు మీంచి చూసినప్పుడు ఆ సందు వీధిగుమ్మమంత కనపడేది. టీకొట్టు బల్ల మీంచి చూస్తే సందే కనపడలేదు, లారీలే కనపడ్డాయి.

వెంకటసుబ్బారావుగారు నాయకుడు కదా, విజిలు ఊది ముందు తనే పరిగెత్తి డివైడరు దాకా వచ్చేశాడు. ఆ తరవాత ముందుకీ దారి లేదు, వెనక్కీ లేదు. అరచేతి వెడల్పు దిమ్మ మీద, రెండు వైపులా లారీలు గాలి కొట్టి పోతుంటే, కుడితిలో పడ్డ ఎలుకలా బిక్కచచ్చి నిలబడ్డాడు. టోపీ ఎగిరి ఎక్కడో పడింది. మొదట నాకు నవ్వొచ్చింది. అబద్ధమెందుకు, టీ గ్లాసులోకి నవ్వాను. తరవాత చూస్తే ఆయన్ని తీసుకురావడానికి సుస్మిత రోడ్డు మీదికి దిగుతోంది. ఒక అడుగు వేస్తుంది, హారను మోగితే వెనక్కి గెంతుతుంది, మళ్ళీ దిగుతుంది. ఇన్నేళ్ళలో నేను మోగించిన హారన్లన్నీ నా చెవిలోనే మోగినట్టయింది.

హైవే పెట్రోలింగు జీపు ఒకటి వచ్చి బళ్ళని ఆపబట్టి అందరూ టీకొట్టు దగ్గరికి దాటగలిగారు. పోయింది టోపీ ఒక్కటే.

"ఈ దారి నీకెవరు చెప్పారమ్మా?" అన్నాడు వెంకటసుబ్బారావుగారు, తల తడుముకుంటూ.

సుస్మిత నావైపు చూడను కూడా చూడలేదు. "నాదే పొరపాటండీ. నేనే ముందు నడిచి చూసుకోవాల్సింది" అంది.

దానికి బదులు అందరి ముందూ నన్ను నాలుగు మాటలని ఉంటే ఆ రాత్రి అన్నం సయించేది.

రెండు రోజుల్లో ఆఫీసులో తేల్చేశారు. ఉగాది దాటిన ఆదివారం పెద్దాఫీసరు మేడమ్ వచ్చి బ్యారేజీ అవతలి సగమంతా నడిచి చూస్తుంది. అప్పటికి హైవే దాటే మార్గం దొరక్కపోతే దారిని బ్యారేజీ దగ్గరే ఆపేస్తారు. మంగళగిరి సగమే లేకపోతే, ఆ సగం కోసం తీసుకున్న మనిషీ అక్కర్లేదు. ఆ చివరి మాట సుస్మిత చెప్పలేదు, రామతులసి చెప్పింది.

"అండర్‌పాసు లేదా?" అన్నాను.

"ఉంది నాన్నా. అక్కడిదాకా హైవే అంచునే నడవాలి. అది ఇంకా ఘోరం."

మర్నాడు పొద్దున్నే స్కూటరు తీసుకెళ్ళి బంకు దగ్గర పడేసి, నడిచాను. ఎందుకు నడిచావంటే ఏం చెప్పను, కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మా నాన్న మంగళగిరిలో గుంటమగ్గంలో కూర్చుని కాలిపలకలు తొక్కి బతికాడు. ఆ గుంట నావల్ల కాదని పారిపోయి నేను క్లచ్చూ బ్రేకూ తొక్కి బతికాను. మా ఆవిడ మిషను తొక్కుతుంది. కాళ్ళని తొక్కడానికి వాడినవాళ్ళమే గానీ నడవడానికి వాడింది మా ఇంట్లో సుస్మిత ఒక్కతే. మొదటి రోజే మడమ బొబ్బలెక్కింది. అయినా మర్నాడు వెళ్ళాను, ఆ మర్నాడూ వెళ్ళాను.

"ఏంటో ఈ మధ్య కాలికి బలపం కట్టుకున్నారు" అంది రామతులసి, మడమకి కొబ్బరినూనె రాస్తూ.

"ఊరికే."

"తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరకుండవని, నోరు కాస్త సద్దుమణిగింది. తిరగండి, తిరగండి."

నాలుగైదు ఉదయాలు హైవేకి రెండు వైపులా తిరిగాను. నడుస్తుంటే ఆ రోడ్డు నేనెరిగిన రోడ్డులా లేదు. పేర్లు తెలియని చిన్న దార్లు, బోర్డులు లేని ఊళ్ళు, గట్ల మీద మేకలు. విజయవాడలో బస్సు తీస్తే గుంటూరులో ఆపినవాణ్ణి, మధ్యలో ఏమున్నా నాకేం తెలుసు?

ఒకరోజు టీకొట్టు దాటి నడుస్తుంటే నాన్‌స్టాప్ ఒకటి పక్కనుంచి దూసుకుపోయింది. కొంచెం ముందుకెళ్ళాక దాని వెనక చక్రాలు దడ్ దడ్‌మన్నాయి. అది విని ఆగిపోయాను. ఆ రెండు కుదుపులూ కంటికి కనపడవు, డ్రైవరు నడుముకి తెలుస్తాయి. ఒక్క కుదుపైతే గుంత. పక్కపక్కన రెండైతే కింద తూముంటుంది. నా నడుముకి ఇన్నేళ్ళుగా తెలిసిన ఆ సంగతితో నా బుర్రకి ఎప్పుడూ అవసరం పడలేదు.

కంపచెట్లు పట్టుకుని రోడ్డు కిందికి దిగాను. ఎండిన మురుగుకాలవ, దాని మీద హైవేని మోస్తూ సిమెంటు తూము. నాలాంటివాడు నడుము వంచితే పట్టేంత ఎత్తు. అవతల వెలుతురు కనపడుతోంది. నేల మీద కాలిబాట, నున్నగా, బాగా వాడకంలో ఉన్న బాట. అక్కడక్కడా మల్లెమొగ్గలు రాలి ఉన్నాయి. ఆనందం పట్టలేక తల వంచి లోపలికి దూరాను.

సగం దూరం పోయానో లేదో ఎదురుగా గంప. గంప వెనక ఇంకో గంప.

"ఎవురయ్యా అది? కేకెయ్యకుండా దూరావేంది?" అంది ముందున్న ఆడమనిషి.

"కేకేంటమ్మా?"

"ఎటోళ్ళైనా దూరే ముందు 'వస్తన్నాం' అని కేకెయ్యాల. అవతల ఎవురూ లేరా, సరే. ఉంటే 'రండి' అంటారు. అప్పుడు రావాల. గంపలున్నోళ్ళకి ముందు. ఎనక్కి నడువు."

వెనక్కి నడిచాను. అద్దం లేదు, రైట్ రైట్ అనడానికి కండక్టరు లేడు. తూము గోడలకి రెండు మోచేతులూ గీరుకున్నాక బయటపడ్డాను. నా వెనకే ఒక్కొక్కరూ గంపతో వచ్చి వరసగా దించి, నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టారు. ఏకంగా ఏడెనిమిది మంది ఆడవాళ్ళు.

ముందున్నావిడ పేరు దానమ్మ, పూలు కోసే ముఠాకి మేస్త్రి. వాళ్ళ పేట మంగళగిరి వైపు, మల్లెతోటలు కాలవ వైపు. చీకటితో వెళ్ళి మొగ్గలు కోసి, ఎండెక్కేలోగా ఇటు తెచ్చి విజయవాడ పూలమార్కెట్టుకి పోయే ఆటోలో వేస్తారు.

"పైన రోడ్డు దాటరా?" అని అడిగాను.

"సందు దొరికేదాకా ఎండలో నిలబడితే పూల ఆటో మాకోసం ఆగుద్దా? మా అమ్మ కాలం నుంచీ ఇదే దారి. నువ్వేంది, ఈడ?"

"నేను నాన్‌స్టాప్ డ్రైవర్ని. గుంటూరు నాన్‌స్టాప్."

"ఓహో. నెత్తిన దడదడలాడించేది నువ్వేనా" అంది దానమ్మ. అందరూ మళ్ళీ నవ్వారు. "నాన్‌స్టాపోళ్ళకి మేం కనపడం లే."

కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నట్టు అంది. ఇన్నేళ్ళూ వీళ్ళ నెత్తి మీంచే పోయానన్న సంగతి నాకు మొదటిసారి తట్టింది, తట్టి ఎలాగో అనిపించింది. దాన్ని దాచుకోవడానికి గబగబా మా అమ్మాయి సంగతంతా చెప్పేశాను. కొండపల్లి నుంచి మంగళగిరి దాకా దారి, మ్యాపు, ఈ తూముతో గీత కలిసిపోతుందని.

దానమ్మ మొహంలో నవ్వు పోయింది.

"ఆ పని చెయ్యబాక" అంది.

"ఎందుకమ్మా?"

"మా పేట ఎనక కొండవారన ఒక బాటుండేది. వాకింగు ట్రాకన్నారు. బల్లలేశారు, పూలమొక్కలు పెట్టారు, అందంగా చేశారు, కాదన్లా. తర్వాత గేటు పెట్టారు. తెల్లారి ఎండొచ్చినాక తీస్తారు. మేం పనికి పోయేది తెల్లారకముందు. ఇప్పుడు ఊరంతా చుట్టి పోతన్నాం. మీ మ్యాపులోకెక్కితే ఇదీ అంతే. చూశావు, పోయావు. నోరు మెదపబాక."

మెదపనని మాటిచ్చాను.

ఇచ్చాక ఇంటికొచ్చి పడ్డ బాధ ఆ దేవుడికెరుక. సుస్మిత రోజూ సాయంత్రం తెగిన ఎర్రగీత ముందు పెట్టుకుని కూర్చునేది. ఫ్లైఓవరు గురించి ఎవరికో ఫోను చేసేది, పడవ అనేది, ఆటో అనేది. ఆ తెగిన చోట ఏముందో నాకు తెలుసు, నా మోచేతుల మీద గీరుళ్ళు ఇంకా మానలేదు. హైవే మాటెత్తితే చాలు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాను.

రామతులసి కనిపెట్టేసింది.

"మింగలేక కక్కలేక తిరుగుతున్నారు. ఏంటది?"

"ఒకళ్ళకి మాటిచ్చాను."

"ఎవరికి?"

"నీకు తెలీదులే. పూలు కోసే ఆవిడ."

మా ఆవిడ మిషను ఆగిపోయింది. తప్పనిసరై మొత్తం చెప్పాను. విని చాలాసేపు జాకెట్టు చేతులు కుడుతూ కూర్చుంది.

"మాటిచ్చింది చెప్పనని కదా. 'మా అమ్మాయిని పంపిస్తాను, నువ్వే చెప్పు' అని ఆవిణ్ణి అడగనని మాటివ్వలేదుగా" అంది చివరికి.

మర్నాడు వెళ్ళేసరికి అక్కడ ఇంకో సంగతి జరిగి ఉంది. మంగళగిరి వైపు తూము నోటి పక్కన పొలంలో ఎవరో వెంచరు వేస్తున్నారు. ప్లాట్లు మెరక చెయ్యడానికి తోలిన గ్రావెలు జారి వచ్చి తూము నోరు సగం పూడ్చేసింది. ఆడవాళ్ళు గంపలు తల మీంచి దించి, ఒకరికొకరు అందించుకుంటూ మట్టి మీంచి పాక్కుంటూ బయటికొస్తున్నారు.

"చూశావా?" అంది దానమ్మ. "ఇంకో రెండు లారీలు పోస్తే అయిపోద్ది. అడిగితే, 'ఇక్కడ దారి ఉన్నట్టు ఎక్కడ రాసుందమ్మా' అంటన్నాడు ఆ వెంచరాయన."

"నేను మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు దానమ్మా. మా అమ్మాయిని తీసుకొస్తాను. నువ్వే మాట్లాడు. వద్దంటే వద్దు."

నావైపు ఎగాదిగా చూసింది. "తీసుకురా. కోతకాడికి తీసుకురా. కూచుని మాట్టాడే తీరిక లేదు."

మర్నాడు వెలుగు రేకలు విచ్చుకునేసరికి సుస్మితని మల్లెతోటలోకి తీసుకెళ్ళాను. ఎక్కడికని అది అడిగితే నడువు చెప్తానన్నాను. దానమ్మ దాని నడుముకి ఒక గుడ్డసంచి కట్టి, "కోస్తా మాట్టాడు" అంది. నాకూ ఒకటి కట్టింది. నేను కోసిన మొదటి గుప్పెడు చూసి పారబోసింది.

"విచ్చినవి కోశావు. కళ్ళజోడు తెచ్చుకోలా?"

"బస్సుకి కూడా ఇదే గొడవ" అన్నాను. తోటంతా నవ్వింది. నా కళ్ళ గురించి నేను వేళాకోళమాడడం అదే మొదటిసారి. సుస్మిత వంగిన చెట్టు మీంచి తలెత్తి నన్నోసారి చూసింది.

సాలు చివర దాకా ఇద్దరూ కోస్తూ మాట్లాడుకున్నారు. గేటు సంగతీ, మట్టి సంగతీ దానమ్మ నాకు చెప్పినట్టే చెప్పింది. సుస్మిత మధ్యలో అడ్డం రాకుండా విన్నది.

"గేటు పెట్టరని నేను హామీ ఇవ్వలేనండీ" అంది. "నేను అంత పెద్దదాన్ని కాదు. కానీ ఇప్పుడు మట్టి పోసినాయన ఏమన్నాడు? దారి ఉన్నట్టు ఎక్కడ రాసుందన్నాడు కదా. మ్యాపులో ఉంటే ఆ మాట అనలేడు. మీ అమ్మగారి కాలం నుంచీ పూలవాళ్ళు నడిచే దారి అనే రాస్తాను, వాకింగు ట్రాకు అని రాయను."

"మేం వద్దంటే?"

"గీయను."

"అప్పుడు నీ దారి?"

"బ్యారేజీ దగ్గర ఆగిపోతుంది."

"నీ ఉజ్జోగం?"

సుస్మిత ఒక మొగ్గ తుంచి సంచిలో వేసింది. "ఇంకోటి చూసుకుంటానండీ."

ఆ ఉద్యోగం కోసం అదెన్ని ఎండలు తిరిగిందో నాకు తెలుసు. అయినా, ఇది నా కూతురని ఆ తోటలో అందరికీ గట్టిగా చెప్పాలనిపించింది.

దానమ్మ సంచి బిగించి ముడేసి, మా ఇద్దరి పూలూ తన గంపలో పోసుకుంది.

"మావోళ్ళని అడగాల. నేనొక్కదాన్నే చెప్పేది కాదు. ఆదివారం మీ ఆఫీసరమ్మని తూముదాకా తీసుకురండి. కేకెయ్యండి. 'రండి' అని వినపడితే రండి. వినపడకపోతే మారు మాట్టాడకుండా ఎనక్కి పొండి."

ఆదివారం వచ్చింది. ఆఫీసరు మేడమ్ బూట్లు బిగించుకుని, సీతానగరం నుంచి కాలవగట్టు మీద అందరికంటే ముందు నడిచింది. వెంకటసుబ్బారావుగారు కొత్త టోపీ పెట్టుకుని, ఈసారి బుద్ధిగా వెనక నడిచాడు. గట్టు మీద గాలి చల్లగా ఉంది. సుస్మిత అన్నీ వివరంగా చెబుతోంది. హైవే ఎక్కడ దాటుతామని మేడమ్ రెండుసార్లు అడిగింది. "చూపిస్తానండీ" అంది రెండుసార్లూ.

మల్లెతోటల దగ్గరికొచ్చేసరికి నా ప్రాణం ఉసూరుమంది. తోటల్లో నరపురుగు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆదివారం కదా, త్వరగా కోసేసి ప్రార్థనకి వెళ్ళిపోయి ఉంటారు. ఆ సంగతి దానమ్మకి తెలియకనా ఆదివారం రమ్మంది? మర్యాదగా పొమ్మనడానికి ఇదొక పద్ధతేమో అనుకున్నాను.

తూము నోటి దగ్గర ఆగాం. నేను వంగి చూశాను. అవతల వెలుతురు ఉందో లేదో నా కళ్ళకి తెలియలేదు. గ్రావెలు పూర్తిగా పూడ్చేసిందేమోనని, ఎవరినైనా అడగడానికి భయమేసింది.

"వస్తన్నాం" అని కేకేశాను.

జవాబు లేదు. పైన ఏదో బస్సు దడ్ దడ్‌మని పోయింది. తూము గోడల్లోంచి ఆ చప్పుడు నా ఛాతీలోకి దిగింది. నేను పైనున్నప్పుడు అది అంత పెద్దగా ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఎవరిని పిలుస్తున్నారు?" అంది మేడమ్, వాచీ చూసుకుంటూ.

"ఇది వాళ్ళ దారండీ. వాళ్ళు రమ్మంటేనే వెళ్ళాలి" అంది సుస్మిత. అది నావైపు చూడలేదు, నేను దానివైపు చూడలేదు. ఆ నిలబడడంలో ఒకటి మాత్రం తేల్చుకున్నాను. జవాబు రానీ, రాకపోనీ, సోమవారం వెళ్ళి ఆ మైకు ముందు కూర్చుంటాను. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో జనానికి చెప్పడం చిన్న పనేం కాదు. పొద్దుట పూట నడుస్తాను, మధ్యాహ్నం డ్యూటీ చేస్తాను.

అలా అనుకున్నాక గొంతు తేలికైంది. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని మళ్ళీ కేకేశాను.

"వస్తన్నాం!"

ఒక గొంతు కాదు, పది గొంతులు కలిసి వచ్చాయి.

"రండి, రండి."

ఆ వెనకే దానమ్మ గొంతు విడిగా వినపడింది. "తల వంచుకుని రండి. ఎంత పెద్దోళ్ళైనా ఈడ వంచాల్సిందే."

సుస్మిత నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది. ముందు నేను దూరాను, నా వెనక అది, దాని వెనక మేడమ్, ఆ వెనక టోపీ చేత్తో పట్టుకుని వెంకటసుబ్బారావుగారు. అందరం నడుములు వంచి అవతల వెలుతుర్లోకి వచ్చాం.

గ్రావెలు గుట్ట లేదు. గంపలతో ఎత్తి పక్కన పోసేసి, నేల చదును చేసేశారు. తెల్లచీరలు కట్టుకుని, ప్రార్థనకి సిద్ధమై, కాళ్ళకి మాత్రం ఎర్రమట్టితో నిలబడి ఉన్నారు అందరూ.

"నువ్వు కేకేసేసరికి కాళ్ళు కడుక్కోడానికి పంపుకాడికి పోతన్నాం, కడక్కుండానే ఎనక్కొచ్చాం" అంది దానమ్మ నాతో. తరవాత మేడమ్ వైపు తిరిగింది. "అమ్మా, రాసుకోండి. గేటు మాత్రం పెట్టబాకండి."

మేడమ్ నడుము పట్టుకుని నిటారుగా నిలబడి తూము వైపు చూసింది. వానాకాలంలో నీళ్ళొస్తే ఏం చేస్తారని అడిగింది. మోకాలి లోతు దాకా నడుస్తామని, ఆ పైన వస్తే పని మానుకుంటామని దానమ్మ చెప్పింది. పక్కన ఎత్తుగా ఒక గట్టు పోయించవచ్చేమో చూద్దామంటూ మేడమ్ సుస్మిత చేత ఏదో రాయిస్తోంది. అంతలో తూములోంచి ఒక సన్నని గొంతు వినపడింది.

"వస్తన్నాం."

ఎక్కడో చివరి తోటలో కోసి వెనకబడిన మనిషెవరో గంపతో అవతల నిలబడి ఉంది. ఇవతల మేమంతా నోటికి అడ్డంగా ఉన్నాం. మాటల్లో పడి ఎవరూ వినిపించుకోలేదు. మేడమే విన్నది. అటూ ఇటూ చూసింది. ఎవరూ పలకకపోయేసరికి, రెండడుగులు పక్కకి జరిగి, మమ్మల్నీ జరగమని చేత్తో చూపించి, వంగి తూములోకి అంది:

"రండి."

దానమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇంకాస్త గట్టిగా అనాలమ్మా. పైన బస్సులు పోతంటయ్యి."